కారో-కాన్ డిఫెన్స్: విశాఖలో పిల్లలు, తల్లిదండ్రులు, బీచ్ రోడ్డు ఆటగాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందు గదిలో శని, ఆదివారాల సాయంత్రం పిల్లలకు చదరంగం నేర్పుతాను. నల్ల పావులతో ఏం ఆడాలని అడిగిన వాళ్లకు ముందుగా చూపించేది కారో-కాన్. చూపించిన వారం నుంచే ప్రశ్నలు మొదలవుతాయి. పిల్లలు బోర్డు దగ్గర అడుగుతారు, తల్లిదండ్రులు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడుగుతారు, బీచ్ రోడ్డులో ఆడే పెద్దవాళ్లు ఓడిపోయాక అడుగుతారు. అడిగినవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నిటికీ ఒకచోట జవాబులు రాసి పెడుతున్నాను.

ఇక్కడ రాసిన ఎత్తులు ఎలా చదవాలి?

బోర్డు మీద నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డ వరుసలకు తెల్ల వైపు నుంచి 1 నుంచి 8 వరకు అంకెలు. బంటు కదిలితే గడి పేరు మాత్రమే రాశాను. మిగతా పావులకు గుర్రం, బిషప్, ఏనుగు, మంత్రి, రాజు అని రాశాను. బిషప్‌ని శకటు అనే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, మంత్రిని పిల్లలు క్వీన్ అంటారు. మీకు అలవాటైన మాటతోనే చదువుకోండి.

కారో-కాన్ అంటే ఏ ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస)? ఆ పేరు ఎలా వచ్చింది?

తెల్ల ఇ4 ఆడితే నల్ల సి6 ఆడడం. రెండో ఎత్తులో మామూలుగా తెల్ల డి4, నల్ల డి5. అక్కడి నుంచి దారులు చీలుతాయి.

బెర్లిన్‌లో ఉన్న ఇంగ్లీషు ఆటగాడు హొరేషియో కారో, వియన్నాకు చెందిన మార్కస్ కాన్ 1886లో దీని మీద విశ్లేషణ రాశారు. ఇద్దరి పేర్లూ కలిసి ఓపెనింగ్ పేరైంది. అంతకు ముందు ఏడాదే, 1885లో హాంబర్గ్ టోర్నమెంట్‌లో కాన్ ఇదే ఆడి జాక్ మీజెస్‌ని 24 ఎత్తుల్లో ఓడించాడు. ఆ ఆటను నా దగ్గర నేర్చుకునే ప్రతి ఒక్కరి చేతా ఆడిస్తాను. అందులో కాన్ ఆరో ఎత్తుకే సి6 బంటును సి5కి తోశాడు. ఆ ఒక్క ఎత్తు గురించి కింద చాలాసార్లు చెప్పబోతున్నాను.

మొదటి ఎత్తు సి6 ఎందుకు? నేరుగా డి5 గానీ ఇ6 గానీ ఆడితే ఏం పోతుంది?

తెల్ల ఇ4 ఆడి మధ్యలో జాగా పట్టింది. దాన్ని ఢీకొట్టాలంటే డి5 కావాలి. వెంటనే డి5 ఆడితే తెల్ల బంటు కొడుతుంది, మనం మంత్రితో కొట్టాలి, సి3కి గుర్రం వచ్చి మంత్రిని తరుముతుంది. అందుకే ముందు ఒక బంటును దన్నుగా పెట్టి, తర్వాత డి5 ఆడతాం. ఆ దన్ను ఇ6 అయితే అది ఫ్రెంచ్ డిఫెన్స్, సి6 అయితే కారో-కాన్.

తేడా అంతా సి8 గడిలో ఉన్న బిషప్ విషయంలో వస్తుంది. ఫ్రెంచ్‌లో ఇ6 బంటు ఆ బిషప్‌కు ఎదురుగా తలుపు వేసేస్తుంది. ఆట సగం అయ్యే వరకు అది లోపలే మగ్గడం మామూలు. కారో-కాన్‌లో ఆ దారి తెరిచే ఉంటుంది. బిషప్ ఎఫ్5కో జి4కో వెళ్లిపోయాక అప్పుడు ఇ6 ఆడతాం. పిల్లలకు నేను చెప్పేది ఇంతే: ఇంట్లో వాళ్లు బయటికి వచ్చాక గడియ పెట్టాలి, లోపల ఉండగా కాదు.

ఇంకో లాభం కూడా ఉంది. తెల్ల డి5లో కొడితే మనం సి6 బంటుతో తిరిగి కొడతాం. మంత్రి బయటికి రానక్కర్లేదు, మధ్య గడి మనదగ్గరే ఉంటుంది.

దీని అసలు బలం ఏమిటి?

బంట్ల వరుస. పదిహేను ఎత్తులు అయ్యాక బోర్డు చూస్తే కారో-కాన్ ఆడినవాళ్ల వైపు ఒంటరి బంటు (పక్క వరుసల్లో తోడు లేనిది), వెనకబడిన బంటు, జంట బంట్లు (ఒకే నిలువు వరుసలో రెండు) లాంటి తెగులు తక్కువగా కనిపిస్తుంది. మంత్రులు పోయి, ఏనుగులు, గుర్రాలు మిగిలిన ఎండ్‌గేమ్‌లో ఈ ఆరోగ్యానికి విలువ పెరుగుతుంది. దాడి చేద్దామని ముందుకు తోసిన తెల్ల బంట్లు అప్పటికి కాపలా కాయాల్సిన బరువైపోతాయి.

రెండోది, గుర్తుపెట్టుకోవాల్సింది తక్కువ. సిసిలియన్ అనే ఓపెనింగ్ ఆడేవాళ్లు ఇరవై ఎత్తుల వరకు బట్టీపట్టిన దారులు నాకు తెలుసు. ఇక్కడ ఎక్కడికి ఏ పావు వెళ్లాలో, ఎందుకు వెళ్లాలో తెలిస్తే చాలావరకు నడిచిపోతుంది. స్కూలు, ట్యూషన్ల మధ్య వారానికి మూడు గంటలు దొరికే పిల్లలకు, ఉద్యోగం చేసుకుంటూ ఆడే పెద్దవాళ్లకు ఇది చాలా పెద్ద సంగతి.

మూడోది, ఓడినా కారణం దొరుకుతుంది. పొజిషన్ ఒక్కసారిగా పేలిపోవడం తక్కువ. ఏ ఎత్తు దగ్గర జారామో ఇంటికి వచ్చి వెతుక్కోవచ్చు.

మరి బలహీనతలు?

ఉన్నాయి. దాచి చెబితే పిల్లలకే నష్టం.

మొదటిది జాగా తక్కువ. తెల్ల నాలుగో, ఐదో వరుసల్లో బంట్లు పెడితే మన పావులు ఆరో, ఏడో వరుసల్లో ఇరుక్కుని తిరుగుతాయి. గుర్రానికి సహజమైన సి6 గడిని మన బంటే ఆక్రమించింది, కాబట్టి ఆ గుర్రం డి7కి వెళ్తుంది. రెండో గుర్రం పరిస్థితి ఇంకా ఇబ్బంది. తెల్ల బంటు ఇ5లో కూర్చుంటే ఎఫ్6 దొరకదు. ఇ7 మీదుగానో హెచ్6 మీదుగానో ఎఫ్5కి దారి వెతుక్కోవాలి.

రెండోది, ఒక ఎత్తు వెనకబడడం. ఒకే బంటును ముందు సి6కి, తర్వాత సి5కి, రెండుసార్లు తోస్తాం. ఫ్రెంచ్ ఆడేవాళ్లు అదే పని ఒక్క ఎత్తులో చేస్తారు. బోర్డు మూసుకుని ఉన్నప్పుడు ఆ ఎత్తు లెక్కలోకి రాదు. తెరుచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

మూడోది, మనం ఎంతో గర్వంగా బయటికి తెచ్చిన ఆ బిషప్పే గురి అవుతుంది. హెచ్4, జి4 అని తెల్ల బంట్లు దాని వెంటపడతాయి.

అన్నిటికన్నా పెద్ద బలహీనత బోర్డు మీద ఉండదు, ఆడే మనిషిలో ఉంటుంది. గోడ గట్టిగా ఉంది కదా అని వెనకే కూర్చుండిపోవడం. ఓడిపోయిన కారో-కాన్ ఆటలు పిల్లలు తెచ్చి చూపిస్తే, వాటిలో ఎక్కువ భాగం ఈ ఒక్క కారణంతో పోయినవే.

"మా బాబు ఓడిపోవడం తగ్గింది, కానీ అన్నీ డ్రాలే చేస్తున్నాడు మాస్టారూ." ఇది డ్రా ఓపెనింగా?

కాదు. డ్రాలు వస్తున్నాయంటే సి5 రావడం లేదని అర్థం. బాబు రాసుకున్న స్కోర్ షీట్లు తీసి చూడండి, సి6 బంటు చివరి వరకు అక్కడే ఉంటుంది.

డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డుగా ఉండబట్టే మన లోపలి హార్బర్‌లో నీళ్లు నిలకడగా ఉంటాయి. అయినా ఓడ అక్కడికి వచ్చేది సరుకు ఎక్కించుకుని మళ్లీ సముద్రంలోకి పోవడానికి. సి6, డి5, ఇ6 బంట్ల వెనక మన పావులు సర్దుకోవడం కూడా అంతే. సర్దుకున్నాక సి5 తోసి డి4 బంటును అడగాలి. తెల్ల కొడితే మన బిషప్ మంచి గడిలోకి వస్తుంది. కొట్టకపోతే డి4ను కాపాడుకోవడానికి రెండు మూడు పావులు అక్కడే కట్టేసుకోవాలి. మనం కొడితే సి వరుస తెరుచుకుని ఏనుగుకు పని దొరుకుతుంది. ఏం జరిగినా మన ఇరుకు తగ్గుతుంది.

ఎప్పుడు తోయాలన్నది పొజిషన్‌ను బట్టి. తెల్ల బంటు ఇ5కి వచ్చేసిన ఆటలో తొందరగా, ఐదు నుంచి ఏడు ఎత్తుల లోపే, ఒక్కోసారి క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో జరిగి రాజు భద్రమైన చోటికి చేరడం) కూడా కాకముందే. ఇ4 దగ్గర బంట్లు మార్చుకున్న ఆటలో కొంచెం ఆగి, గుర్రాలు రెండూ బయటికి వచ్చి రాజు భద్రంగా ఉన్నాక. కొన్నిసార్లు సి5 బదులు ఇ5 కుదురుతుంది, అది కూడా మంచిదే.

నా సంగతి చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీ హాల్లో జరిగిన ర్యాపిడ్ టోర్నమెంట్. ఆటకు 15 నిమిషాలు, ఎత్తుకు 5 సెకన్లు. నాలుగో రౌండ్‌లో నా ఎదురుగా పన్నెండేళ్ల పాప కూర్చుంది. ఆమె ఇ5 తోసింది. నేను బిషప్ ఎఫ్5, ఇ6, గుర్రం డి7 అన్నీ పద్ధతిగానే ఆడాను. ఎనిమిదో ఎత్తులో సి5 కనిపించింది. ముందు క్యాస్లింగ్ చేద్దాం అనుకున్నాను. తొమ్మిదిలో మళ్లీ కనిపించింది. ఏనుగును సి8లో పెట్టాక తోద్దాం అనుకున్నాను. పదో ఎత్తులో ఏనుగు సి8కి వచ్చింది. ఈలోగా ఆ పాప ఎఫ్4, జి4 తోసేసింది. నా బిషప్ జి6కి వెనక్కి వచ్చింది. తర్వాత ఎఫ్5 వచ్చింది. అక్కడి నుంచి నేను ఆడిన ప్రతి ఎత్తూ రాజును కాచుకోవడానికే సరిపోయింది. ఇరవై నాలుగో ఎత్తులో చెయ్యి కలిపి లేచేసరికి నా ఏనుగు సి8లోనే ఉంది, దాని ముందు సి6 బంటు కదలకుండా అలాగే ఉంది. ఆ రాత్రి గుర్తున్నంతవరకు ఎత్తులన్నీ నోట్‌బుక్‌లో రాసి, ఎనిమిదో ఎత్తు కింద ఎర్ర పెన్నుతో గీత గీశాను. ఆ పేజీ ఇప్పటికీ పిల్లలకు చూపిస్తాను.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఆట 1927లో న్యూయార్క్‌లో జరిగింది. నిమ్జోవిచ్ మీద కాపాబ్లాంకా కారో-కాన్ ఆడాడు. ఇ5 వచ్చింది, బిషప్పులు మార్చుకున్నారు, ఏడో ఎత్తులో సి5 తోశాడు. ఆ తర్వాత ఎక్కడా మెరుపులు ఉండవు. సి వరుస పట్టుకుని, ఒక్కో పావుకు కదిలే చోటు లేకుండా చేస్తూ పోయాడు. చివరికి నిమ్జోవిచ్ ఏ ఎత్తు వేసినా ఏదో ఒకటి పోయే స్థితికి వచ్చాడు. డ్రా ఓపెనింగ్ అనేవాళ్లు ఈ ఒక్క ఆట బోర్డు మీద పెట్టుకుని చూడాలి.

తెల్ల మూడో ఎత్తులో ఇ5 తోస్తే ఏం చేయాలి? అందరూ ఇదే ఆడుతున్నారు.

నిజమే, పిల్లల టోర్నమెంట్లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. జవాబు బిషప్ ఎఫ్5. ఆ తర్వాత తెల్ల ఏం చేస్తుందో చూసి నడవాలి.

బిషప్ డి3 ఆడి మార్చుకుందామంటే సంతోషంగా మార్చుకోండి. తర్వాత ఇ6 ఆడితే, చెడ్డ బిషప్ లేని ఫ్రెంచ్ మీ చేతిలో ఉన్నట్టే. కాన్‌కు, కాపాబ్లాంకాకు దొరికింది ఈ పొజిషనే.

గుర్రం ఎఫ్3, బిషప్ ఇ2 ఆడి నెమ్మదిగా క్యాస్లింగ్ చేసే పద్ధతిని నైజెల్ షార్ట్ ప్రచారంలోకి తెచ్చాడు. చూడటానికి సాధువుగా ఉంటుంది గానీ, నల్లకు ఇబ్బంది పెట్టే వాటిలో నా లెక్క ప్రకారం ఇదే ముందు. తెల్ల ఎక్కడా తొందరపడదు, మనకు కొట్టడానికి ఏదీ ఇవ్వదు. ఇక్కడ సి5ను వాయిదా వేసేకొద్దీ ఊపిరి ఆడదు.

గుర్రం సి3, తర్వాత జి4 తోస్తే ఆట వేడెక్కుతుంది. బిషప్ జి6కి వెళ్తుంది, ఆ వెంటనే సి5 కోసం చూడాలి. పక్కన బంట్లతో తరుముతుంటే మధ్యలో తలుపు తెరవాలన్నది పాత సూత్రం. ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది.

ఇక హెచ్4. తాల్ 1961 ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో బోత్విన్నిక్ మీద వాడినది. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గాజువాక నుంచి వచ్చే ఏడో తరగతి అబ్బాయి ఒకడు ఒక ఆదివారం టోర్నమెంట్ నుంచి నేరుగా మా ఇంటికి వచ్చాడు. వాళ్లమ్మగారు గుమ్మం దగ్గరే "ఏటి మాస్టారూ, ఏడో ఎత్తుకే బిషప్ పోయిందంట" అన్నారు. వాడు ఏం మాట్లాడకుండా బోర్డు పరిచి ఎత్తులు పెట్టాడు. ఇ4 సి6, డి4 డి5, ఇ5 బిషప్ ఎఫ్5, హెచ్4. అక్కడ వాడు అలవాటుగా ఇ6 ఆడాడు. జి4 వచ్చింది, బిషప్ ఇ4. ఎఫ్3 వచ్చింది, బిషప్ జి6. హెచ్5 వచ్చింది. వాడి వేలు ఇంకా బిషప్ తల మీదే ఉంది. ఎఫ్5లో జి4 బంటు కొడుతుంది, ఇ4లో ఎఫ్3 బంటు కొడుతుంది, డి3లో, సి2లో తెల్ల పావులు కాచుకుని ఉన్నాయి. ఒక్కో గడి మీదా వేలు పెట్టి చూసి, మళ్లీ జి6కే తెచ్చాడు.

హెచ్4 చూడగానే ఇ6 ఆడకూడదు. హెచ్5 ఆడండి. జి4కి దారి అక్కడితో ఆగుతుంది. లేదా హెచ్6 ఆడితే, జి4 వచ్చినా వెనక్కి పోవడానికి హెచ్7, డి7 ఉంటాయి. ఆ అబ్బాయి ఇప్పుడు హెచ్4 చూస్తే చాలు, చెయ్యి దానంతట అదే హెచ్5 మీదికి వెళ్తుంది.

బిషప్ ఎఫ్5 కాకుండా మూడో ఎత్తులోనే సి5 ఆడే పద్ధతి కూడా ఉంది. బోత్విన్నిక్ అదే 1961 మ్యాచ్‌లో ఆడాడు. బంటును కొట్టనిచ్చి, ఇ6 ఆడి తర్వాత తిరిగి తీసుకోవచ్చు. మొదటి ఏడాది పిల్లలకు నేను చూపించను. బంటు పోయిందని టెన్షన్ పడే వయసులో అది పనికిరాదు.

మూడో ఎత్తులో గుర్రం సి3 వస్తే?

ఇ4లో కొట్టండి, గుర్రం తిరిగి కొడుతుంది. ఇక్కడ మీకు మూడు దారులు.

బిషప్ ఎఫ్5 క్లాసికల్ పద్ధతి. గుర్రం జి3కి వచ్చి బిషప్‌ని తాకుతుంది, బిషప్ జి6. తెల్ల హెచ్4 తోస్తుంది. మీరు హెచ్6 ఆడి బిషప్‌కు హెచ్7లో చోటు చేసి పెట్టాలి. తర్వాత గుర్రం ఎఫ్3, మీరు గుర్రం డి7. ఈ డి7 ఎత్తు ఎందుకో తెలియకుండా ఆడేవాళ్లే ఎక్కువ. తెల్ల గుర్రం ఇ5కి దూకకుండా ఆపడానికి అది. ఆ తర్వాత హెచ్5, బిషప్ హెచ్7, బిషప్ డి3, బిషప్పులు మార్పిడి. తెల్లకు జాగా ఎక్కువ. కానీ అంత దూరం వచ్చిన ఆ హెచ్5 బంటు ఎండ్‌గేమ్‌లో తెల్లకే బరువు కావచ్చు. రెండు వైపులా న్యాయమైన ఆట.

గుర్రం డి7 రెండో దారి. ఇందులో ఒక ఉచ్చు ఉంది. తెల్ల మంత్రి ఇ2కి వస్తే, ఏమరుపాటున రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చారంటే తెల్ల గుర్రం డి6లోకి దూకి ఆటకట్టు. ఇ7 బంటు దాన్ని కొట్టలేదు, ఎందుకంటే ఇ వరుసలో మంత్రి కాచుకుని ఉంది. రాజు చుట్టూ అన్నీ సొంత పావులే, కదలడానికి గడి ఉండదు. ఆరో ఎత్తులో ఆట అయిపోతుంది.

ఇదే దారిలో కాస్పరోవ్ కూడా ఒక రోజు దెబ్బ తిన్నాడు. 1997 మే 11, న్యూయార్క్, డీప్ బ్లూ కంప్యూటర్‌తో ఆరో ఆట. తెల్ల గుర్రం జి5లో ఉండగా కాస్పరోవ్ ఏడో ఎత్తులో హెచ్6 తోశాడు. యంత్రం గుర్రాన్ని ఇ6లో బలి ఇచ్చింది. రాజు మధ్యలోనే చిక్కుకుంది, 19 ఎత్తుల్లో ఆట వదిలేశాడు, మ్యాచ్ పోయింది. తప్పు ఓపెనింగ్‌ది కాదు. హెచ్6కి ముందు బిషప్ డి6 ఆడాలి. ఎత్తులు అవే, వరుస మారింది. గట్టి ఓపెనింగ్‌లో కూడా ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఎంత ముఖ్యమో దీనికన్నా బాగా చెప్పే ఆట నాకు దొరకలేదు.

మూడో దారి గుర్రం ఎఫ్6. దాని గురించి చివర్లో చెప్తాను.

తెల్ల డి5లోనే కొట్టి మార్చుకుంటే ఆట చప్పగా అయిపోదా?

చప్పగా కనిపిస్తుంది, కానీ ఫిషర్ 1970లో బెల్‌గ్రేడ్‌లో ఇదే పద్ధతితో పెట్రోస్యాన్‌ని ఓడించాడు. మార్చుకున్నాక బిషప్ డి3, సి3, బిషప్ ఎఫ్4 అని చక్కగా సర్దుకుని, ఇ5 గడి మీద కన్నేసి రాజు వైపు నడిచాడు. డిఫెన్స్‌లో పెట్రోస్యాన్ అంతటి వాడే ఓడిపోయాడంటే, మనం నిద్రపోకూడదని అర్థం.

ఈ నిర్మాణంలో మనకు సి బంటు ఉండదు, కాబట్టి సి5 ఉండదు. దానికి బదులు బి బంటును బి5, బి4 అని నడిపించి తెల్ల సి3 బంటును కదిలించాలి. సి వరుసలో ఏనుగు పెట్టాలి. అంటే ఇక్కడ కూడా కదలిక మన దగ్గర నుంచే రావాలి, మంత్రి వైపు నుంచి.

మార్చుకున్నాక తెల్ల సి4 తోస్తే అది పానోవ్ దాడి, వేరే కథ. చాలాసార్లు తెల్లకు డి4లో ఒంటరి బంటు మిగులుతుంది. తెల్ల పావులు చురుగ్గా ఉంటాయి, మనకు డి5 గడి దొరుకుతుంది. అక్కడ గుర్రాన్ని నిలబెట్టి, ఒక్కో పావునూ మార్చుకుంటూ పోతే ఆ బంటు చివరికి మనకు దొరుకుతుంది. ఓపిక లేని పిల్లలకు పానోవ్ కష్టం. నేర్పడానికి నాకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే.

రెండు గుర్రాలూ ముందు తెచ్చే పద్ధతిలో ఎప్పుడూ ఓడిపోతున్నాను, ఎందుకు?

రెండో ఎత్తులో గుర్రం సి3, మూడో ఎత్తులో గుర్రం ఎఫ్3. యువకుడిగా ఉన్నప్పుడు ఫిషర్ ఇష్టపడిన పద్ధతి. మీరు బహుశా క్లాసికల్ ఎత్తులే ఇక్కడా ఆడుతున్నారు. ఇ4లో కొట్టి, బిషప్ ఎఫ్5, గుర్రం జి3, బిషప్ జి6, హెచ్4, హెచ్6. ఇప్పుడు గుర్రం ఇ5లోకి వచ్చేస్తుంది. డి4కి ఖర్చు పెట్టాల్సిన ఎత్తును తెల్ల గుర్రానికి పెట్టింది, అందుకే ఒక అడుగు ముందుంది. బిషప్ హెచ్7కి పోతే మంత్రి హెచ్5కి వచ్చి ఎఫ్7ను గురిపెడుతుంది. జి6 తోస్తే బిషప్ సి4! ఆ మంత్రిని జి బంటుతో కొట్టారా, ఎఫ్7లో బిషప్‌తో ఆటకట్టు. గుర్రం డి7ను కూడా కాపలా కాస్తోంది.

మందు చాలా సులువు. మూడో ఎత్తులో ఇ4ను కొట్టకుండా బిషప్ జి4 ఆడండి. హెచ్3 వస్తే గుర్రాన్ని కొట్టి, ఇ6 ఆడి గట్టిగా కూర్చోండి.

ఎఫ్3తో ఇ4ను కాచుకుంటే?

ఇ4లో కొట్టి, వెంటనే ఇ5 తోయండి. తెల్ల ఆశపడి ఇ5ను డి బంటుతో కొడితే మంత్రి హెచ్4లో చెక్. జి3 అడ్డం పెడితే ఇ4 బంటును చెక్‌తో కొడతారు, హెచ్1 ఏనుగు కూడా మీ గురిలో ఉంటుంది. తెలిసినవాళ్లు ఇ5ను కొట్టకుండా గుర్రం ఎఫ్3 ఆడతారు, అప్పుడు మామూలు ఆటే.

పెద్ద ఆటగాళ్లు దీన్ని నమ్మారా?

కాపాబ్లాంకా గురించి చెప్పాను. 1957లో స్మిస్లోవ్ చేతిలో కిరీటం పోగొట్టుకున్న బోత్విన్నిక్ 1958 రీమ్యాచ్‌కు ప్రత్యేకంగా కారో-కాన్ సిద్ధం చేసుకుని వచ్చాడు. మొదటి ఆట, మూడో ఆట నల్ల పావులతో దీంతోనే గెలిచాడు, కిరీటం తిరిగి తీసుకున్నాడు. పెట్రోస్యాన్ ఆడాడు. కార్పోవ్ 1980ల చివరి నుంచి దీన్ని తన ప్రధాన ఆయుధంగా చేసుకున్నాడు. వీళ్లు నలుగురూ ప్రపంచ చాంపియన్లే. నలుగురూ చిన్న లాభాన్ని ఓపిగ్గా పెంచుకుంటూ పోయేవాళ్లే.

మా పాపకు ఎనిమిదేళ్లు. ఇప్పుడే నేర్పించాలా?

కోనేరు హంపి, ద్రోణవల్లి హారిక, పెంటేల హరికృష్ణ మన రాష్ట్రం నుంచి వెళ్లి అంత పేరు తెచ్చుకున్నాక, ఈ ప్రశ్న అడిగే తల్లిదండ్రులు ఎక్కువయ్యారు. చాలా మంచిదే. కానీ నా జవాబు, ఇంకొంచెం ఆగండి. మొదటి ఏడాది ఇ4కు ఇ5 ఆడనివ్వండి. పావులు ఎదురెదురుగా ఢీకొనాలి, గుర్రం ఫోర్క్‌లు (ఒకేసారి రెండు పావుల మీద దాడి), పిన్నులు (వెనక ఉన్న పెద్ద పావు వల్ల కదలలేకపోవడం) తినాలి, పెట్టాలి. ఆ దెబ్బలు తగలకుండా ముందే గోడ కట్టి ఇస్తే లెక్కవేయడం రాదు. పాప రెండు మూడు ఎత్తులు ముందుకు చూడగలుగుతోంది అనిపించాక, ఏనుగుల ఎండ్‌గేమ్ ప్రాథమికంగా వచ్చాక మొదలుపెట్టండి. ఎండ్‌గేమ్ రాని పిల్లలకు కారో-కాన్ ఇవ్వడం దండగ. దీని పంట పండేదే అక్కడ.

ఆన్‌లైన్‌లో మూడు నిమిషాల ఆటలకు పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది, మొదటి పది ఎత్తులకు గడియారం దాదాపు ఖర్చు కాదు. కాకపోతే ఇరుకు పొజిషన్‌లో ఏ పావు ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తే తర్వాత ఆ సమయం అంతా పోతుంది. బ్లిట్జ్‌లో సి5ను ఇంకా తొందరగా తోయండి.

తెల్ల ఇ4 కాకుండా డి4 ఆడితే ఏం చేయాలి?

డి5, తర్వాత సి6 ఆడండి. దాన్ని స్లావ్ అంటారు. బంట్ల నిర్మాణం కారో-కాన్‌కు చెల్లెలు లాంటిది. ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే.

ఇంట్లో ఎలా సాధన చేయాలి?

మొబైల్ పక్కన పెట్టి బోర్డు మీద చేయండి. కాన్-మీజెస్ ఆట, నిమ్జోవిచ్-కాపాబ్లాంకా ఆట, డీప్ బ్లూ ఆరో ఆట, ఫిషర్-పెట్రోస్యాన్ ఆట. ఈ నాలుగూ ఎత్తు ఎత్తుకూ ఆగి, తర్వాత ఏం ఆడాలో మీరు ముందు చెప్పి, ఆపైన చూడండి. కారో-కాన్ ఆడినవాళ్లు రెండింటిలో గెలిచారు, రెండింటిలో ఓడారు. ఓడినవే రెండుసార్లు చూడండి. తర్వాత ఇంట్లో ఎవరితోనైనా తెల్ల వైపు కూర్చుని కారో-కాన్‌ను పడగొట్టడానికి ప్రయత్నించండి. దాని నొప్పి ఎక్కడుందో అటు కూర్చుంటేనే తెలుస్తుంది.

మీ ఆటలు రాసుకున్న నోట్‌బుక్‌లో ప్రతి ఆట పక్కన ఒకే ఒక్క అంకె వేయండి, సి5 ఎన్నో ఎత్తులో వచ్చిందో. రాకపోతే సున్నా. నెల తర్వాత ఆ అంకెలు, ఫలితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

చివరి రౌండ్‌లో గెలిచి తీరాలి, చేతిలో నల్ల పావులు. అప్పుడు కూడా ఇదేనా?

ఇదే, కానీ వేరే గుమ్మం నుంచి. ఇందాక చెప్పకుండా ఉంచిన మూడో దారి ఇప్పుడు పనికొస్తుంది. మూడో ఎత్తులో గుర్రం సి3 వచ్చి, ఇ4 దగ్గర మార్పిడి అయ్యాక గుర్రం ఎఫ్6 ఆడండి. తెల్ల గుర్రం మీ గుర్రాన్ని కొడితే రెండు రకాలుగా తిరిగి కొట్టవచ్చు. ఇ బంటుతో కొడితే రాజు ముందు గోడ మందంగా ఉంటుంది, ఆట భద్రం. జి బంటుతో కొడితే రాజు వైపు బంట్లు చెదిరిపోతాయి, అందుకు బదులు జి వరుస మీ ఏనుగుకు తెరుచుకుంటుంది. మంత్రి వైపు క్యాస్లింగ్ చేసి ఏనుగును జి8లో పెట్టి నేరుగా తెల్ల రాజు మీదికి పోవచ్చు. బ్రాన్‌స్టీన్, లార్సెన్ దీన్ని ఆడి చూపించారు. తప్పితే నిలువునా మునుగుతాం, కానీ డ్రా కావడం మాత్రం కష్టం.

బీచ్ రోడ్డులో నాతో ఆడే స్టీల్ ప్లాంట్ రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన ఉన్నారు. గాలికి ప్లాస్టిక్ బోర్డు ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెడతారు. మామూలుగా ఇ బంటుతోనే కొడతారు. వీధి దీపాలు వెలిగాక, ఆ సాయంత్రానికి ఒక ఆట వెనకబడి ఉంటే మాత్రం జి బంటుతో కొడతారు. పోయిన వారం ఏనుగును జి8లో పెట్టి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, "ఇక చూడు నాయనా" అన్నారు. పదహారు ఎత్తుల తర్వాత నా రాజు హెచ్1లో చిక్కుకుంది. ఆయన మూలల్లో రాళ్లు తీసి జేబులో వేసుకుని, బోర్డు చుట్టారు.